కాడతో సహా

యాప్రాల్‌లోని ఆ కాలనీలో యజ్ఞనారాయణ పేరు తెలియనివాళ్ళు ఉండొచ్చు గాని, "ఉంచుదామా, వదులుదామా?" అంటే ఎవరి మాటో తెలియనివాళ్ళు లేరు. ఆయన ఆ రెండు ముక్కలూ అనని రోజు లేదు. పాలవాడు, పేపరువాడు, పక్కింటి పిల్లి, సొంత బావమరిది, ఆయన కంటికి అందరూ నడుస్తున్న ఒప్పందాలే. అలాంటిదొకటి కనబడితే చాలు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఆ ప్రశ్న వేసేవాడు.

దీనికంతటికీ కారణం ఉద్యోగం. దివాలా తీసిన కంపెనీలను కోర్టు తరఫున సర్దిపెట్టే లిక్విడేటరు ఆఫీసులో ఆయన సూపరింటెండెంటు. కంపెనీ మూతబడితే కుర్చీలూ బల్లలూ అమ్మేయడం ఎవరికైనా చేతనవుతుంది. చిక్కంతా అది బతికుండగా చేసుకున్న ఒప్పందాలతోనే. ఎవరి దగ్గరో కౌలుకు తీసుకున్న నేల, ఎవరో ఇచ్చిన లైసెన్సు, ఇంకా పదేళ్ళు నడవాల్సిన సరఫరా, ఇవన్నీ మధ్యలో వేలాడుతుంటాయి. వాటిలో పనికొచ్చేదేదో, గుదిబండ ఏదో చూసి ఉంచాలో వదలాలో నోటు రాయాలి. వదలాలంటే కోర్టు ఒప్పుకోవాలి. ఇరవై రెండేళ్ళుగా ఆయన చేస్తున్నది ఇదే. ఆఫీసు బల్ల మీద మొదలైన ప్రశ్న మెల్లగా ఇంట్లోకి నడిచొచ్చి భోజనాల బల్ల మీద కూర్చుంది.

"పాలు మరీ నీళ్ళుగా ఉంటున్నాయండీ. మానేద్దాం" అంది ఒకరోజు భార్య పార్వతీదేవి.

"పాలు పలచనే, ఒప్పుకున్నాను. కాని వాడు పొద్దున్నే ఐదింటికి గేటు బాది మనల్ని లేపుతాడు. ఆ సేవ కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా?"

"నన్నడిగితే గేటు బాదడం కూడా మానిపించాలి."

"తొందరపడకు పార్వతీ. పరిశీలిస్తాను."

ఆ పరిశీలన పదకొండేళ్ళు సాగింది. నీళ్ళపాలు వస్తూనే ఉన్నాయి, గేటు మోగుతూనే ఉంది.

ఆయన సిద్ధాంతంలో ఇంకో గట్టి మేకు ఉంది. ఒప్పందంలో మనకు నచ్చిన ముక్క కొరుక్కుని నచ్చనిది ఉమ్మేయడం కుదరదు. ఉంచితే మొత్తం ఉంచాలి, వదిలితే మొత్తం వదలాలి. పార్వతీదేవి తమ్ముడు శ్రీనివాసరావు కాకినాడ నుంచి రెండు రోజులకని వచ్చి ఇరవై రోజులు ఉండేవాడు. వస్తూ ఒక డబ్బా పూతరేకులు, ఒక హార్మోనియం తెచ్చేవాడు. పూతరేకులు రెండో రోజుకు అయిపోయేవి. హార్మోనియం ఇరవయ్యో రోజుకు కూడా అయ్యేది కాదు. అక్క అయ్యుండీ ఆవిడే ఒకసారి తట్టుకోలేక, "వాణ్ణి హార్మోనియం ఇంట్లో వదిలి, పూతరేకులు మాత్రం తెమ్మని చెబుదామండీ" అంది.

యజ్ఞనారాయణ ఉలిక్కిపడ్డాడు. "ఎంత మాటన్నావు! పూతరేకులు ఉంచుకుని హార్మోనియం వదులుతావా? ఏ కోర్టూ ఒప్పుకోదు. మీ తమ్ముణ్ణి ఉంచితే పెట్టెతో సహా ఉంచాల్సిందే."

"అయితే ఉంచుదామా, వదులుదామా?" అంది ఆవిడ పళ్ళు నూరుతూ.

"పరిశీలనలో ఉంది" అన్నాడాయన.

ఇవన్నీ రాసుకోవడానికి ఆయన దగ్గర ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగు పుస్తకం ఒకటుండేది. ఏటా ఉగాది పచ్చడి తిన్నాక దాన్ని తెరిచి ఇంటి ఒప్పందాలన్నీ గట్టిగా చదివేవాడు. చివరి గడిలో నిర్ణయం రాయాలి. ఏ ఏడు చూసినా ఆ గడిలో ఉండేది "పరిశీలనలో ఉంది" అన్న మాటే. లోకంలో ఇన్ని ఒప్పందాలను ప్రశ్నించిన మనిషి ఒక్కదాన్ని కూడా వదిలిన పాపాన పోలేదు. ఆయనకు వదలడం రాదు. పుస్తకంలో కేబులువాడికి ఒక పేజీ, మంగలికి ఒక పేజీ, రోజూ వచ్చి పెరుగు తాగిపోయే పక్కింటి పిల్లికి పేజీన్నర ఉన్నాయి. పార్వతీదేవి ఒక మధ్యాహ్నం ఆ పుస్తకమంతా తిరగేసింది. తన పేరు ఎక్కడా లేదు. పిల్లికి ఉన్నపాటి పరిశీలన కూడా తనకు లేదా అని ఆవిడ మనసు చివుక్కుమంది. అడిగితే చులకనైపోతానని ఊరుకుంది.

రెండువేల సంవత్సరంలో మొదలైంది శుక్రవారాల వ్యవహారం. శుక్రవారం వచ్చిందంటే యజ్ఞనారాయణ పాలవాడి కంటే ముందే లేచి, గుడ్డ కప్పిన గంప ఒకటి పట్టుకుని ఎటో వెళ్ళిపోయేవాడు. పదింటికి తిరిగొచ్చి, అన్నం తిని ఆఫీసుకు వెళ్ళేవాడు. "ఆఫీసు పని" అనేవాడు. మొదటి ఏడాది ఆవిడ పట్టించుకోలేదు. రెండో ఏడు ఎండాకాలం నుంచి మాత్రం ఇంట్లో వింతలు మొదలయ్యాయి. కుట్టుపెట్టెలో పచ్చదారం రీళ్ళు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఆయన వేళ్ళ మీద సూది పోట్లు, ముళ్ళ గీతలు కనబడ్డాయి. గురువారం సాయంత్రం ఇంటికొస్తే చొక్కా గుప్పున గులాబీ వాసన వేసేది. కొత్తగా పెళ్ళైన రోజుల్లో ఒక్క గులాబీ కొనిపెట్టమంటే, "పువ్వుదేముంది, ఒక పూట బేరం. వాడిపోయాక అందులో పరిశీలించడానికి ఏముంటుంది?" అన్న మనిషాయె!

ఎదురింటి వెంకటరామయ్య గారు ఒకరోజు గొంతు తగ్గించి, "చెప్పకూడదు గాని అమ్మా, మీవారిని బొల్లారంలో శామీర్‌పేట బస్సెక్కుతుంటే చూశాను. గంపలో గులాబీలు" అన్నారు. చెప్పకూడదు అన్నది ఆయన మూడుసార్లు చెప్పారు.

ఆ జూలైలో ఒక శుక్రవారం పార్వతీదేవి కూడా బయలుదేరింది. ఆయన ఆటో మలుపు తిరిగాక తనూ ఒక ఆటో పిలిచి, కౌకూర్ మీదుగా బొల్లారం చేరి, వెనక బస్సు పట్టుకుంది. రాత్రి కురిసిన వానకు రోడ్డు కడిగినట్టుంది. హకీంపేట దాటాక పొగమంచు వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. కోపంగా బయలుదేరిన మనిషి, ఆ తెల్లటి లోకం చూస్తూ చూస్తూ, తను ఎందుకు వెళుతోందో సగం మరిచిపోయింది.

శామీర్‌పేటలో దిగి గులాబీల గంప పట్టుకున్న సారు ఎటు వెళ్ళాడని అడిగితే, ఊళ్ళో అందరికీ తెలిసినట్టే దారి చూపించారు. చెరువు అవతల, మంచులో, ఇళ్ళంత ఎత్తు ప్లాస్టిక్ పందిళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. గాలి వచ్చినప్పుడు అవి మెల్లగా ఉబ్బి, మళ్ళీ మెల్లగా కుంగుతున్నాయి. అంత పెద్ద ఆవరణలో మనిషి అలికిడి లేదు. లోపల బారులు బారులుగా ఎండిన గులాబీ మోళ్ళు. నిద్రలో నడిచొచ్చి ఎవరి కలలోనో పడ్డానా అనిపించింది పార్వతీదేవికి. అంతలో తెలిసిన గొంతు వినిపించింది. గభాలున ఒక పందిరి చాటుకు తప్పుకుంది.

పక్కనే ఒక పెంకుటిల్లు. అరుగు మీద అరవై దాటిన పెద్దావిడ కూర్చుని ఉంది. ఆవిడ ముందు యజ్ఞనారాయణ గంప దించి, కాగితం విప్పి చదువుతున్నాడు. "కౌలు పత్రం పదకొండో నిబంధన ప్రకారం, శుక్రవారం నాడు, భూమి యజమానురాలు బుచ్చమ్మ గారికి గులాబీలు ఇరవై, కాడతో సహా. అందినట్టు వేలిముద్ర."

బుచ్చమ్మ అలవాటుగా బొటనవేలు సిరాలో అద్ది ముద్ర వేసింది. ఆయన కాగితం మడిచి, ఆవిడతో ఇంకో మాట లేకుండా లేచి, కొట్టం దగ్గర నిలబడ్డ బర్రె ముందుకు వెళ్ళాడు. గొంతు సవరించుకున్నాడు.

"చూడూ, కౌలుకు ఇచ్చిన మనిషి 'ఉంచుతారా, వదులుతారా, ఏదో ఒకటి తేల్చండి' అని లిక్విడేటరుకు ఒక్క ఉత్తరం రాసిందనుకో. అది అందాక ఇరవై ఎనిమిది రోజుల్లో మా ఆఫీసు తేల్చుకోవాలి. ఆ ఉత్తరం రాకపోతే మా ఫైలుకు తొందరేమీ లేదు. పదేళ్ళయినా అలాగే పడుకుంటుంది. ఇది సలహా కాదు. ప్రభుత్వ ఉద్యోగి ఎదుటి పక్షానికి సలహా ఇవ్వకూడదు. నేను నీతో మాట్లాడుతున్నాను."

బర్రె నెమరు వేసింది. ఆయన తల పంకించి, ఖాళీ గంప తీసుకుని బస్సుకు వెళ్ళిపోయాడు.

చాటు నుంచి వచ్చిన పార్వతీదేవిని బుచ్చమ్మ ఎగాదిగా చూసింది. "ఎవరు బిడ్డా నువ్వు?"

"ఇప్పుడు వెళ్ళారే, ఆయన భార్యనండి."

"సారు పెండ్లామా! రా బిడ్డా, కూసో. సల్ల తాగుతవా?" అని ఆవిడ చెంబు తెచ్చింది. "మీ సారు మంచోడే గని బిడ్డా, మస్తు గమ్మతి మనిషి. నాతోటి ముచ్చట వెట్టడు. బర్రెకు చట్టం చెప్తడు."

చల్ల తాగుతూ పార్వతీదేవి కథంతా విన్నది. తొంభై నాలుగులో గులాబీల కంపెనీ ఒకటి వచ్చి, విమానాల్లో పూలు ఎగుమతి చేస్తామని బుచ్చమ్మ నాలుగెకరాలు ముప్పై ఏళ్ళకు కౌలు తీసుకుంది. నాలుగేళ్ళు చేసి మునిగింది. కోర్టు దాన్ని లిక్విడేటరుకు అప్పగించింది. అప్పటి నుంచి కౌలు రాదు, నేల తిరిగి రాదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు నడుమ వేలాడుతోంది. 

"నా కొడుకు ఓదెలు సొంత భూమి వెట్టుకొని మేడ్చల్ల ఎవలయో లారీలు కడుగుతాండు. ఇప్పుడు రిసార్టు కడ్తా అని ఒకాయన తిరుగుతాండు. మిగిలిన ఇరవై మూడేండ్లు పాత కౌలుకే మీ ఆఫీసు కాడ కొనుక్కుంటడంట. అప్పటిదాక నేనుంటనా బిడ్డా?" అంది బుచ్చమ్మ.

"మరి ఈ గులాబీలేంటండీ?"

"కాయిదం రాసినప్పుడు నేనే అడిగిన. నా భూమి ఏం పండిస్తాందో వారానికొక్కపారి నా కండ్లకు కనవడాలె అన్న. వాళ్ళు నవ్వుకుంట రాసిండ్రు. కంపెనీ పోయినంక ఎవ్వలు యాదికుంచుకుంటరు? మీ సారు వచ్చిండు. మా సామాను నీ భూమిల ఉన్నన్ని దినాలు కాయిదం బరువు మేమే మొయ్యాలె అన్నడు. పైసలిచ్చే అధికారం లేదంట. గులాబీలు ఇయ్యొద్దని మాత్రం ఎవ్వలు ఆర్డరు ఇయ్యలేదంట."

"చెట్లన్నీ ఎండిపోయాయి కదా?"

బుచ్చమ్మ బోసినోటితో నవ్వింది. "మొన్న ఎండాకాలం కరెంటు కోసిండ్రు, బోరు బందయింది, చెట్లు సచ్చినయి. అయినా గంప వస్తనే ఉన్నది. నాకు తెల్వదనుకుంటడు. కంపెనీ పువ్వుకు వాసనుండదు బిడ్డా. గివి ఇల్లంత వాసనొస్తయి. మోండా మార్కెటు పూలు. గా పూలకు కాడ లేకపాయె. కాయిదంల కాడతో సహా అని ఉన్నదాయె. గందుకే ఎండిన కట్టెలు కోసుకవోయి, దారంతోటి కట్టుకొస్తడు."

పార్వతీదేవి గంపలోంచి దించిన పువ్వొకటి తీసి చూసింది. పొట్టి తొడిమ గల నాటు గులాబీని ఎండిన పొడుగు పుల్లకు పచ్చదారంతో చుట్టి చుట్టి కట్టి ఉంది. అది తన కుట్టుపెట్టెలోని దారమే. చేతకాని కుట్టు. ఒకదానికి మూడు ముళ్ళు. గురువారం రాత్రి ఈ మనిషి స్నానాలగది తలుపు వేసుకుని గంటసేపు ఏం చేస్తాడో ఆవిడకు ఇప్పుడు తెలిసింది. నవ్వు వచ్చింది, ఆ వెనకే ఆయన మీద మునుపెన్నడూ లేనంత ప్రేమ కలిగింది.

"ఆయన బర్రెకు చెప్పింది మీరు చేయలేదేం?"

"బర్రెకు సమజైందేమో గని నాకు గాలే. ఇరవై ఎనిమిది అంటడు, తేల్చుడు అంటడు. మల్ల అడుగవోతే నోరు మూసుకొని బస్సుకు ఉరుకుతడు."

ఇరవై రెండేళ్ళు అన్నంతో పాటు ఈ చట్టాన్ని కలుపుకు తిన్న మనిషి పార్వతీదేవి. చెంబు కింద పెట్టింది. "నేను గవర్నమెంటు ఉద్యోగిని కానుగా బుచ్చమ్మ గారూ. ఒక తెల్ల కాగితం ఉంటే ఇలా ఇవ్వండి" అంది. నాలుగు వరసల్లో ఉత్తరం రాసింది. బుచ్చమ్మ దాని కింద వేలిముద్ర వేసింది.

మూడు రోజులకు సాయంత్రం యజ్ఞనారాయణ ఇంటికొచ్చి గోడ గడియారం ఎదురుగా నిలబడ్డాడు. ఆఫీసు సంగతులు భార్యకు చెప్పకూడదు కనక ముఖ్యమైనవి ఎప్పుడూ గడియారానికే చెప్పేవాడు.

"ఇవాళ శామీర్‌పేట నుంచి ఉత్తరం వచ్చింది. చేతిరాత ఎక్కడో చూసినట్టుంది. మన పచారీ చీటీల రాతలా ఉంది."

పార్వతీదేవి చారు పోపు వేస్తూ ఆ చప్పుడులో దాక్కుంది. ఆయన తిరిగి చూడలేదు. "అయినా చేతిరాత నాకు సంబంధం లేని విషయం. అందినట్టు ముద్ర వేశాను. ఇరవై ఎనిమిది రోజులు" అన్నాడు గడియారంతో.

తరవాతి సంగతులన్నీ గడియారం ద్వారానే తెలిశాయి. రిసార్టాయన రానే వచ్చాడట. పెద్దాఫీసరు హేమచంద్ గారికి బేరం నచ్చింది, కంపెనీ ఖాతాకు నాలుగు డబ్బులొస్తాయని. లీజు కావాలి గాని పాత బకాయిలు వద్దు, పూలగంపా వద్దు అన్నాడట రిసార్టాయన.

"అప్పుడు నేను చెప్పాను" అన్నాడు యజ్ఞనారాయణ, గడియారం ముందు ఛాతీ విరుచుకుని. "అయ్యా, మా బావమరిది పూతరేకులు తెస్తాడు, హార్మోనియం కూడా తెస్తాడు. ఒకటి ఉంచి ఒకటి వదలడం మా ఇంట్లోనే కుదరలేదు, ఆఫీసులో ఎలా కుదురుతుంది? మూడేళ్ళ కౌలు బకాయి మీదే. పోయేటప్పుడు నేలను మళ్ళీ జొన్నకు పనికొచ్చేలా చేసి అప్పగించాలి. ఇరవై మూడేళ్ళు ప్రతి శుక్రవారం ఇరవై గులాబీలు, కాడతో సహా. అంతే, 'నేను పెట్టేది రిసార్టు, పూలకొట్టు కాదు' అని రిసార్టాయన లేచిపోయాడు. హేమచంద్ గారు పత్రం మొత్తం చదివి, యజ్ఞనారాయణ గారూ, ఇక నోటు మీరే రాయండి అన్నారు."

ఆ నోటు దగ్గర వచ్చింది అసలు కష్టం. కొనేవాడు లేని కౌలు గుదిబండే. వదిలేయాలి. ఇరవై ఆరో రోజు పొద్దున ఆయన నోటు కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. కలం మూత తీస్తాడు, పెడతాడు. కాఫీ చల్లారింది. "వదులుదాం" అన్న మాట చేతికి రావడం లేదు. చివరికి దిగులుగా గడియారం వైపు చూశాడు. "ఇన్నేళ్ళలో ఒక్కటీ వదల్లేదు. ఇది వదిలితే శుక్రవారం కూడా పోతుంది."

పార్వతీదేవి వంటింటి గుమ్మంలోంచి తనూ గడియారంతోనే అంది. "వదిలితే ఆవిడ నేల ఆవిడకు వస్తుందని ఆయనకు చెప్పు."

గడియారం టిక్కుమంది. కలం కదిలింది.

దసరా సెలవులయ్యాక కోర్టు అనుమతి ఇచ్చింది. సామాను వేలం వేశారు. ప్లాస్టిక్ పందిళ్ళు ఒక్కొక్కటిగా దిగిపోయాయి. ఆపైన వచ్చిన ప్రతి శుక్రవారం యజ్ఞనారాయణ చీకటితోనే లేచి, తయారై, గేటు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడేవాడు. "వెళ్ళి చూసి రండి, ఎవరు వద్దన్నారు?" అంటే, "ఏ అధికారంతో వెళ్ళను?" అనేవాడు. ఆయన్నలా చూడలేక పార్వతీదేవే కుట్టుపెట్టెలోకి రెండు పచ్చదారం రీళ్ళు కొనిపెట్టింది. ఆయన వాటి జోలికి పోలేదు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, ఇంకా మంచు విడవలేదు, గేటు మోగింది. పాలవాడు కాదు. బుచ్చమ్మ. చేతిలో తడిగుడ్డ చుట్టిన పొడుగాటి పుల్ల. దాని చివర ఒకే ఒక్క ఎర్ర గులాబీ.

"గింత దూరం ఉంటదా సారూ మీ ఇల్లు! మూడు ఆటోలు మారిన" అని మెట్టు మీద కూర్చుంది. "మీరు తెచ్చిన కట్టెలు పారేసుడెందుకని కుడితి తొట్టి పక్కపొంటి గుచ్చిన. అన్నీ ఎండినయి, ఒక్కటి సిగురువెట్టింది. మీ కంపెనీ పువ్వే. సూడు, వాసన లేదు. ఇగ మా ఓదెలు లారీలు కడుగుడు బంద్ వెట్టిండు. ట్రాక్టర్ తోటి దున్నుతాండు."

యజ్ఞనారాయణ కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు. "ఇది... ఏ నిబంధన కింద బుచ్చమ్మ గారూ?" అన్నాడు.

"ఏ నిబంధన లేదు. నా భూమి, నా పువ్వు, నా ఇష్టం. తీస్కో."

ఆయన రెండు చేతులా అందుకుని, జేబులో కలం కోసం తడుముకున్నాడు. "అందినట్టు సంతకం పెడతాను."

"సంతకం జెల్లదు. నాతోటి ఎన్ని వేలిముద్రలు ఏయించినవ్? నువ్వు గూడ వెయ్యి."

సిరాపెట్టె వచ్చింది. క్యాలెండరు చింపిన కాగితం మీద లిక్విడేటరు ఆఫీసు సూపరింటెండెంటు బొటనవేలి ముద్ర పడింది. బుచ్చమ్మ దాన్ని మడిచి రొండిన దోపుకుని, కాఫీ తాగి, ఆ శుక్రవారం బస్సుకు తనే వెళ్ళింది.

ఆయన పువ్వు పట్టుకుని ఇంట్లోకి వచ్చి, పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొదటిసారి, భార్య చేతికి ఇచ్చాడు. పార్వతీదేవికి ధైర్యం వచ్చింది. గడియారంతో కాదు, ఆయనతోనే అడిగింది.

"ఏవండీ, ఆ ఎర్ర పుస్తకంలో పక్కింటి పిల్లి పేరు కూడా రాశారు. నా పేరు ఎందుకు రాయలేదు?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అందులో ఇంకా తేలనివే కదా రాస్తాను?"

ఆవిడ పువ్వును కొప్పులో పెట్టుకుంది. మూరెడు కాడ తల మీద నిటారుగా నిలబడింది. తుంచుకోమని కత్తెర తెచ్చాడాయన. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆ రోజు ఆలస్యమైన పాలవాడు అప్పుడే వచ్చి గేటు బాదాడు. తల మీద మూరెడు కాడతో నీళ్ళపాలు పోయించుకోవడానికి వచ్చిన పార్వతీదేవిని చూసి వాడు క్యాను పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.